బైపాస్ మీద ముగ్గు

నిజం చెప్పేది మీరై ఉండి, పక్క బండిలో కూర్చుని సగం తప్పులు చెప్పే మనిషి చుట్టూనే జనం మూగితే మీరు ఏం చేస్తారు? డ్రైవింగ్ నేర్పే వృత్తిలోకి రాదలచుకున్న వాళ్ళు ఈ ప్రశ్నకు ముందే ఒక జవాబు వెతికి పెట్టుకోవాలి. నేను వెతుక్కోకుండా వచ్చాను. ఆ వృత్తిని వదిలేసిన ఈ రోజుకు కూడా నా దగ్గర ఉన్న జవాబు పూర్తిగా మర్యాదైనది కాదు.

తమిళనాడులోని కోవిల్పట్టిలో ఒక డ్రైవింగ్ స్కూల్లో కొన్నేళ్ళు ఇన్‌స్ట్రక్టరుగా పనిచేశాను. ముప్పై దాటకముందే మానేశాను కనుక రిటైరయ్యానన్న మాట నా ఒంటికి వదులుగా ఉంటుంది. కానీ ఇన్‌స్ట్రక్టరు వైపు ఉండే ఆ రెండో బ్రేకు మీద మళ్ళీ కాలు పెట్టను కాబట్టి ఆ మాట వాడుకునే హక్కు నాకుంది. అంతకుముందు విరుదునగర్‌లో చదివాను. కాలేజీ డిబేట్ జట్టులో చివరి వక్తను నేనే. ఎదుటి పక్షం వాదనలో బీట ఎక్కడుందో వెతకడమే నా పని. మా ఇంటి తెలుగు మాట్లాడుకోవడానికే గాని రాసుకోవడానికి కాదు. అక్షరాలు హాస్టల్లో ఒక నెల్లూరు అమ్మాయి దగ్గర నేర్చుకున్నాను. అందుకే నా రాత పుస్తకంలా ఉంటుంది, మా వాళ్ళ మాట వేరేగా ఉంటుంది. రెండూ నావే.

జీతాలు, హోదాలు, ఆఫీసు కాగితాల గురించి ఇక్కడ రాయను. ఆ వృత్తి నిజంగా ఏమిటో, అందులో నన్ను ఏది కాల్చిందో అదే రాస్తాను.

తంగరాజ్ అన్న

మా స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్లం ఇద్దరం. రెండో మనిషి తంగరాజ్. నలభై దాటినవాడు. అంతకుముందు శివకాశి ఫ్యాక్టరీలకు కూలీల వ్యాన్ నడిపేవాడు. మాలాగే ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఆదివారం చర్చిలో పాడే గొంతుతోనే సోమవారం క్లచ్చు గురించి చెప్పేవాడు. వేళ్ళకు ఉంగరాలు, జేబులో దువ్వెన. తనను తాను తగ్గించి చెప్పుకోవడం ఆయనకు చేతకాదు. "నేను నేర్పిన చెయ్యి స్టీరింగ్ పట్టని వీధి ఈ ఊర్లో యాడుంది, సూపించు సూద్దాం" అని కొత్తగా చేరిన వాళ్ళతో అనేవాడు.

ఆయనకు రోడ్డు గుర్తులు సగమే తెలుసు. ఆ సగంలో కూడా సగం కల్పన. రోడ్డు అంచున పసుపు గీత ఎందుకు వేశారని ఒక అమ్మాయి అడిగితే, "తెల్ల పెయింటు అయిపోయింటుంది" అన్నాడు. అక్కడ బండి ఆపకూడదని దాని అసలు అర్థం. వెనక సీట్లో నా వంతు కోసం కూర్చుని ఉన్న నేను ఆ మాట విని పళ్ళు కొరుక్కున్నాను. ఆ అమ్మాయి పడీపడీ నవ్వింది. తర్వాత పరీక్ష పాసయింది. పాసయిన రోజు పెద్ద డబ్బాడు కడలమిట్టాయి, అంటే వేరుశెనగ పాకం ముక్కలు, తెచ్చి ఆయన చేతిలో పెట్టి, నా వైపు తిరిగి "థ్యాంక్స్ మిస్" అంది. ఆ డబ్బాలోంచి ఒక ముక్క తీసి ఆయనే నాకు ఇచ్చాడు. తిన్నాను. మా ఊరి మిట్టాయి నాకు చేదుగా అనిపించింది అదొక్కసారే.

ఇవి చిన్న విషయాలని మీరు అనవచ్చు. అసూయకు తిండి చిన్న విషయాలే. పెద్ద విషయాల్లో ఓడిపోతే మనిషి దుఃఖిస్తాడు, చిన్న విషయాల్లో ఓడిపోతే కుళ్ళుకుంటాడు. స్కూలు బాధ్యత ఆఖరికి ఎవరి చేతికి వెళ్ళిందో ఈ వ్యాసానికి అవసరం లేదు కాబట్టి రాయను. (తంగరాజ్ చేతికే వెళ్ళింది.)

గీతలు అడగరు కదా

మా ఓనరు మంచివాడే, కానీ ఆయన దృష్టి పరీక్ష మైదానం దాటి పోదు. "ఏమ్మా, ఆఫీసరు అడిగేది బండితో ఎనిమిది అంకె వెయ్యమని, రివర్సు పొమ్మని. గీతలు యాడ అడుగుతాడు? గీతలు సూపిస్తా కూసుంటే బండి ఎప్పుడు నేర్పేది?" అనేవాడు. ఆయన వాదనలో బీట నాకు మొదటి రోజే కనిపించింది. పరీక్ష ఒక పూట జరుగుతుంది, రోడ్డు బతికినంత కాలం ఉంటుంది. ఆ మాట ఆయనతో అన్నాను కూడా. "బాగా మాట్లాడతావు" అన్నాడు. మా ఊళ్ళో ఆ మాటకు అర్థం, ఇక వెళ్ళి పని చూసుకో అని.

అయినా నేను నేర్పాను. పక్కదారి పెద్ద రోడ్డును కలిసే చోట అడ్డంగా జంటగా వేసిన తెగిన గీతలుంటాయి. చాలామంది అది అరిగిపోయిన పాత గీత అనుకుంటారు. అరిగింది కాదు, అలా వేసిందే. పెద్ద రోడ్డు మీద వచ్చేవాళ్ళకు దారి ఇచ్చి, తర్వాతే నువ్వు కలవాలని దాని అర్థం. రోడ్డులో పొదిగిన మెరిసే బిళ్ళలు అందం కోసం కాదు. ఎడమ అంచున ఎర్రవి, డివైడర్ వైపు పసుపువి, వరసల మధ్య తెల్లవి, పక్కకు దిగే దారి ఉన్నచోట ఆకుపచ్చవి. వానలో గీతలు కనిపించనప్పుడు ఈ రంగులే నీ చెయ్యి పట్టుకుని నడిపిస్తాయి. అడ్డంగా వరస కట్టిన మందపాటి తెల్ల పట్టీలు చక్రాల కింద గడగడమంటే ముందు కూడలో, బడో, మలుపో ఉందని, యాక్సిలరేటరు మీంచి కాలు తియ్యమని.

రంగు వేయని గుర్తులు కూడా ఉంటాయి. మా నేల నల్లరేగడి, కరిసల్ అంటాం. వాన పడితే ఉబ్బుతుంది, ఎండకు నోరు తెరుస్తుంది. దాని మీద వేసిన తారు రోడ్డు కూడా దానితోపాటే లేచి పడుతుంది. అంచు వెంట పొడుగ్గా బీటలు కనిపిస్తే ఆ పక్కన నేల కుంగుతోందని, ఎడమ చక్రం అటు పోనివ్వవద్దని అర్థం. ఎదురుగా వచ్చే బస్సు ఉన్నట్టుండి ఓడలా ఊగితే, ఆ ఊపు బస్సుది కాదు, రోడ్డుది. ఒక్క నిమిషంలో నీకూ వస్తుంది.

ఇవన్నీ నేను క్రమంగా, ఆధారాలతో, ఏ సందేహానికీ తావు లేకుండా చెప్పేదాన్ని. నా దగ్గర నేర్చుకునేవాళ్ళు బుద్ధిగా తల ఊపేవారు. తర్వాత అద్దంలోంచి తంగరాజ్ బండి వైపు చూసేవారు. ఆ బండిలో ఎప్పుడూ నవ్వులే.

మినుము మీద ప్రయాణం

నాగలక్ష్మి అరుప్పుకోట్టైలో నేతపని చేసే ఇంటి పిల్ల, మా ఊరికి కోడలిగా వచ్చింది. స్కూటీ కూడా తోలని మనిషి, నేరుగా కారు దగ్గరికి వచ్చింది. ఒక ఉదయం ఆమెను ఒట్టపిడారం దారిలోకి తీసుకెళ్ళాను. మినుము కోతల కాలం. రైతులు చెట్లను పీకి తెచ్చి రోడ్డు మీద పరుస్తారు. పోయే బండ్ల చక్రాలు తొక్కితే కాయ పగిలి గింజ రాలుతుంది. కళ్ళం, ఎద్దులు, కూలి ఏవీ అక్కర్లేదు, ప్రభుత్వం వేసిన తారు చాలు. పరిచిన దాని చుట్టూ గుర్తుగా రాళ్ళు పేరుస్తారు. పంట ఎత్తుకెళ్ళిన తర్వాత రాళ్ళు అక్కడే ఉండిపోతాయి.

"దాని మీద ఎక్కించకు, పక్కనుంచి పో" అన్నాను. "కింద ఏముందో కనిపించదు. స్పీడ్ బ్రేకర్ ఉండొచ్చు, గుంత ఉండొచ్చు. కనిపించని రోడ్డును చదవలేం."

అంతలో రోడ్డు పక్కన చేటతో నిలబడిన ముసలామె చెయ్యి ఊపింది. ఆమెదీ మా తెలుగే. "ఏం తల్లీ, పక్కన పోతావు? ఎక్కించి పో. నీ కారు తొక్కితేనే గదా గింజ రాలేది."

పెద్దావిడ చెప్పింది కదా అని నాగలక్ష్మి స్టీరింగు తిప్పింది. చక్రాల కింద గలగల. భయపడి బ్రేకు తొక్కింది. కారు ఆగలేదు. చాప మీద కూర్చున్న పిల్లను ఎవరో లాగినట్టు మెత్తగా జారుకుంటూ పోయింది. నేను నా వైపు బ్రేకును కొంచెం కొంచెంగా తొక్కుతూ, రాళ్ళ వరస ముందు ఆపాను.

ముసలామె తీరిగ్గా నడిచి వచ్చి కిటికీలోకి వంగింది. "బ్రేకు ఏల తొక్కినావు? ఎద్దుకు బ్రేకు ఉంటుందా?"

నాగలక్ష్మి నవ్వలేదు. వెనక్కి వచ్చే దారంతా నేను ఆమెకు పట్టు ఎందుకు తప్పిందో, ఎండిన ఆకు మీద చక్రం ఎలా జారుతుందో, ఇంజను వేడికి ఆ చెత్త ఎలా అంటుకోగలదో వివరించాను. మర్నాడు ఆమె తంగరాజ్ బండి దగ్గర నిలబడి ఉంది.

"తప్పుగా అనుకోకండి మిస్" అంది. "మీరు సెప్పేది అంతా కరెక్టే. కానీ మీరు సెప్తా ఉంటే నాకు బయం ఎక్కువవుతుంది. అన్న సెప్తే తగ్గుతుంది."

"అన్న ఏం చెప్పాడు?"

"మినుము వస్తే బ్రేకు మాట మరిచిపో, కాలు ఎత్తేసి దేవుణ్ణి తలుచుకో, అన్నాడు."

ఇందులో సగం సరైనదే, అదే నాకు మంట. పూర్తిగా తప్పయితే ఖండించేదాన్ని. సగం సరైన మాటను ఖండించడం ఎంత కష్టమో డిబేట్ చేసిన వాళ్ళకు తెలుస్తుంది.

ఆయుధపూజ రోజు కూడా అంతే. మా స్కూలు బండ్లకు దిష్టి తీసి, నడిరోడ్డు మీద బూడిద గుమ్మడికాయ పగలగొట్టేవాడు తంగరాజే. వీధంతా నిలబడి చూసేది. కుంకుమ కలిసిన ఆ గుజ్జు మీద మోటార్ సైకిళ్ళు జారిపడకుండా ఊడ్చేది నేను. ఊడుస్తుంటే చూడటానికి ఎవరూ ఆగేవారు కాదు.

ముగ్గు కాడ

ఇక అసలు సంగతి. మా అమ్మ పేరు గురువమ్మ. సాత్తూరు దారిలో ఉన్న ఒక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. తెల్లవారగానే ఫ్యాక్టరీ వ్యాన్ బైపాస్ మీదుగా వస్తుంది. మా ఊళ్ళోకి సర్వీస్ రోడ్డు చీలే చోట పెద్ద రోడ్డుకూ దానికీ మధ్య ఒక ముక్కోణం ఉంది. అందులో ఏటవాలుగా మందపాటి తెల్ల గీతలు. దాని మీదికి ఏ బండీ రాకూడదని వాటి అర్థం. అమ్మ, ఆమె తోటి ఆడవాళ్ళు టిఫిన్ డబ్బాలు పట్టుకుని ఆ ముక్కోణంలోనే నిలబడేవారు. వ్యాన్ కూడా అందులోనే ఆగేది. వాళ్ళు ఆ చోటుకు పెట్టుకున్న పేరు ముగ్గు. "ముగ్గు కాడికి వొచ్చెయ్" అని ఒకరినొకరు పిలుచుకునేవారు.

రోడ్డులో అంతకంటే ప్రమాదమైన చోటు లేదు. పెద్ద రోడ్డు మీద వేగంగా పోతున్నవాడు ఊళ్ళోకి దిగాలన్న సంగతి ఆఖరి క్షణంలో గుర్తొచ్చి ఉన్నట్టుండి ఎడమకు కోస్తాడు. కోసేది ఆ ముక్కోణం మీదుగానే. దిగబోయి మనసు మార్చుకున్నవాడు కూడా దాని మీదుగానే పైకి పోతాడు. ఇంజనీర్లు ఆ జాగాను ఖాళీగా ఉంచింది తప్పు చేసేవాళ్ళ కోసం. మా అమ్మ నిలబడింది సరిగ్గా అక్కడ.

మొదటిసారి చెప్పినప్పుడు అమ్మ నాకు ఇచ్చిన జవాబు ఇది.

"ఆ గీతల మీద ఎవురూ బండి ఎక్కించరాదని నువ్వే గదా సెప్పేది?"

"అవునమ్మా."

"అట్లంటే ఆడ నిలబడితే మమ్మల్ని ఎవురు కొట్టేది?"

ఎంత పెద్ద వేదిక మీదా నేను అంత శుభ్రంగా ఓడిపోలేదు. నా ప్రతిపాదననే పట్టుకుని నన్ను తిప్పికొట్టింది. పక్కింటి రాజమ్మ అత్త దానికి తోడు పలికింది. "ముగ్గు అంటే ఎవురైనా సుట్టుకొనే పోతారు. వాకిట్ల ముగ్గు మీద ఎవురు బండి తోలుతారు పాపా?"

వాళ్ళ నమ్మకం వెర్రిది కాదు. మా వీధుల్లో పాలవాడు కూడా ముగ్గు తొక్కకుండా సైకిల్ పక్కకు వంచుతాడు. పుట్టినప్పటి నుంచీ చూసిన మర్యాదను వాళ్ళు బైపాస్‌కు కూడా అంటగట్టారు. నాకు అర్థమైంది. కానీ అర్థమైనంత మాత్రాన వాళ్ళను కదిలించలేకపోయాను. పైగా వాళ్ళకు ఇంకో బలమైన కారణం ఉంది. వ్యాన్ సర్వీస్ రోడ్డులోకి దిగితే ఆటోల మధ్య ఇరుక్కుని మళ్ళీ పైకి ఎక్కేసరికి ఆలస్యమవుతుంది. ఆలస్యమైతే ఫ్యాక్టరీ గేటు మూస్తారు.

నెలల తరబడి చెప్పాను. ఇంట్లో చెప్పాను, అక్కడికి వెళ్ళి చెప్పాను. చాక్‌పీస్‌తో నేల మీద గీసి చూపించాను. వేగం అన్నాను, నియమం అన్నాను, దేశమంతా ఇదే గుర్తుకు ఇదే అర్థం అన్నాను. వ్యాన్ డ్రైవర్‌ను నిలదీస్తే, "వాండ్లు ఈడ నిలబడితే నేను ఈడ ఆపుతా అక్కా. ఆడ నిలబడితే ఆడ ఆపుతా" అన్నాడు. రోజూ ఉదయం అమ్మ చెప్పులు వేసుకుని బయలుదేరితే నేను గడియారం చూస్తూ కూర్చునేదాన్ని. ఆమె వ్యాన్ ఎక్కి ఉంటుందనుకునే వేళ దాకా వేరే పని ముట్టుకునేదాన్ని కాదు.

కెమెరా అబద్ధం

నా గోడు విని తంగరాజ్ ఒక ఉదయం తనంతట తానే అక్కడికి వెళ్ళాడు. నన్ను అడగలేదు. ఆడవాళ్ళతో ఏదో మాట్లాడాడు. మర్నాటి నుంచి వాళ్ళు ముక్కోణం వదిలి సర్వీస్ రోడ్డులో టీకొట్టు ముందు నిలబడ్డారు.

"ఏం చెప్పావు అన్నా?" అన్నాను.

"స్తంభం మీద కెమెరా పెట్టినారు, ముగ్గులో నిలబడితే ఫోటో తీసి వ్యాన్ పర్మిట్ పీకేస్తారంటిని."

"అక్కడ కెమెరా లేదు."

"లేదు గదా. అందుకే సెప్పాల్సి వొచ్చింది. ఉంటే వాండ్లే సూసుకుంటారు."

నేను ఆయనతో ఘర్షణ పడ్డాను. ప్రాణం కాపాడటానికైనా అబద్ధం చెప్పవచ్చా అన్నది కాలేజీలో మేము ఎన్నోసార్లు చర్చించిన ప్రశ్న. చెప్పరాదనే పక్షాన నిలబడి నేను గెలిచాను కూడా. నా అభ్యంతరానికి సూత్రం ఒక కారణం. రెండో కారణం సూత్రం కాదు. నెలల తరబడి నిజం చెప్పిన నన్ను వినని మా అమ్మ, ఒక్క పూట అబద్ధం చెప్పిన మనిషి మాటకు చోటు మారింది.

అబద్ధం ఎక్కువ రోజులు నిలబడలేదు. ఎవరి పర్మిటూ పోలేదు, స్తంభం మీద కెమెరా లేదని రాజమ్మ అత్త మనవడు తేల్చి చెప్పాడు. ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు మళ్ళీ ముగ్గులోకి వచ్చారు. అది చూసినప్పుడు నాలో మొదట లేచింది సంతోషం. తర్వాతే భయం. ఆ వరస నాకు ఇప్పటికీ నచ్చదు, కానీ అసూయ ఎంత దూరం తీసుకెళ్తుందో మీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను. అది మనిషిని తన అమ్మ ప్రాణం కంటే తన వాదనను ముందు లెక్కపెట్టేలా చేస్తుంది.

ఎవురు చెరిపినారు

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం టీ తాగుతూ తంగరాజ్‌తో ఒక మాట అన్నాను. "ఆ ముక్కోణంలో పెయింటు ఎక్కడ అరిగిందో చూశావా అన్నా? మనుషులు నిలబడే వెడల్పు వైపు కాదు. మొన వైపు, రెండు పట్టీలుగా, ఏటవాలుగా అరిగింది. అది చెప్పుల అరుగుదల కాదు, చక్రాలది. మొన దగ్గర పాతిన ప్లాస్టిక్ కర్ర ఎప్పుడూ పడిపోయే ఉంటుంది చూడు. బండ్లు దాని మీదుగా పోతున్నాయని రోడ్డే చెబుతోంది." నేను దాన్ని ఇన్‌స్ట్రక్టరు ఇన్‌స్ట్రక్టరుతో చెప్పుకునే వృత్తి సంగతిగా చెప్పాను. ఆయన బన్ను టీలో ముంచుకుంటూ "ఆహా" అన్నాడు.

రెండు మూడు రోజుల తర్వాత అమ్మతో మరోసారి వాదించాలని ఆమె వెంట బైపాస్ దాకా నడిచాను. తంగరాజ్ అప్పటికే అక్కడున్నాడు. ముక్కోణం మొన దగ్గర, రోడ్డుకు ఎడంగా, గొంతుక్కూర్చుని ఉన్నాడు. స్కూలు కారును వెనకాల అడ్డంగా పెట్టి నాలుగు లైట్లూ వెలిగించాడు.

"గురువమ్మ అక్కా, ఇట్ల రా. ఒకటి అడగల్ల."

"నీ కెమెరా కత మళ్ళీ సెప్తావా?" అంది అమ్మ. ఆడవాళ్ళు నవ్వారు.

"కెమెరా కత అయిపోయింది. ఇది వేరే. పొద్దున వాకిట్ల ముగ్గు యేసి లోపలికి పోతావు. మళ్ళీ వొచ్చి సూస్తే చెరిగి ఉంటుంది. ఎవురు చెరిపినారని నీకు తెలుస్తుందా, తెలీదా?"

"ఏల తెలీదు? ఆవు తొక్కితే ఒక మాదిరి. సైకిల్ పోతే ఒక మాదిరి. రాజమ్మ కోడలు పైట ఈడ్చుకుంటా పోతే ఇంకొక మాదిరి."

"నా కోడల్ని ఏల లాగుతావు?" అంది రాజమ్మ అత్త.

"సరి" అన్నాడు తంగరాజ్. "ఈ ముగ్గు సూసి సెప్పు. ఇది ఎవురు చెరిపినారు?"

అమ్మ డబ్బా పక్కన పెట్టి కూర్చుంది. చూపుడు వేలితో అరిగిన చోట రాసింది. వేలికి నల్లగా అంటింది. ఇంకొంచెం ముందుకు జరిగి ఏటవాలు పట్టీ వెంట చూపు నడిపింది. పెద్ద రోడ్డు నుంచి మొదలై, మొన మీదుగా, సర్వీస్ రోడ్డు దాకా.

"ఇది కాలు కాదు" అంది.

"మరి?"

"అట్ల వొచ్చి, ఇట్ల తిరిగింది. పెద్ద బండి." వేలు పక్కకు జరిపింది. "ఒకటి కాదు. దీని మీద ఇంకొకటి ఉంది. ఇది సన్నది, కారు."

రాజమ్మ అత్త కూడా వంగింది. "ఇది పాతది కాదు గురువమ్మా. నలుపు ఇంకా వేలికి వొస్తా ఉంది."

"ఎవుడు వాడు?" అంది వెనకనుంచి ఒకావిడ, ఆ మనిషిని పట్టుకుని నాలుగు కడగాలన్నట్టు.

"ఒకడయితే నేనే పోయి పట్టుకొచ్చేవాణ్ణి" అన్నాడు తంగరాజ్. "రోజుకొకడు."

అమ్మ లేచి, అరిగిన పట్టీ నుంచి తాను రోజూ నిలబడే చోటు ఎంత దూరమో చూసింది. పెద్ద దూరం కాదు. డబ్బా తీసుకుని సర్వీస్ రోడ్డు వైపు నడిచింది. మిగతావాళ్ళు ఆమె వెనక నడిచారు. వ్యాన్ వచ్చి అలవాటుగా ముగ్గులో ఆగి హారన్ కొట్టింది. అమ్మ టీకొట్టు ముందు నుంచి కదలకుండా చెయ్యి ఊపింది. డ్రైవర్ తల బయట పెట్టి, "ఆలస్యమయితే నన్ను అనరాదు" అని అరిచాడు. "రేపటి నుంచి నువ్వు ముందర బయలుదేరు. మేమూ ముందర వొస్తాము" అంది అమ్మ. వ్యాన్ గొణుక్కుంటూ కిందికి దిగి వచ్చింది.

నేను అక్కడే నిలబడి ఉన్నాను, సిద్ధం చేసుకున్న వాదన నోట్లో పెట్టుకుని. ఆ క్షణాన నాకు కలగాల్సింది ఊరట. కలిగింది, కాదనను. కానీ దాని కంటే ముందు, దాని కంటే గట్టిగా, అసూయ కలిగింది. ఆ మాట నాది. అరిగిన పెయింటు చూసింది నేను. పడిపోయిన కర్రను చూసింది నేను. గెలిచింది ఆయన నోరు.

"అది నా పాయింటు అన్నా" అన్నాను, అందరూ వెళ్ళాక.

"ఆమా, నీదే" అన్నాడు ఏ సంకోచమూ లేకుండా. "మంచి పాయింటు. అందుకే వాడుకుంటిని."

"నా పేరు చెప్పలేదే?"

"సెప్పింటే మీ యమ్మ నమ్మునా?"

సాయంత్రం ఇంట్లో అమ్మ పక్కింటివాళ్ళకు ఈ కథంతా చెబుతోంది. తంగరాజు తమ్ముడు చూపించాడు, తంగరాజు తమ్ముడు అడిగాడు. ఆగలేకపోయాను.

"అమ్మా, అది ఆయనకు చెప్పింది నేను."

"నువ్వు సెప్పింటే నాకు ఏల సెప్పలేదు?"

"ఇన్ని నెలలుగా చెబుతూనే ఉన్నాను కదా."

"నువ్వు సెప్పింది రూలు" అంది అమ్మ. "చెరిగిందని ఒక్క దినమన్నా సెప్తివా?"

అసలు విషయాన్ని వృత్తి రహస్యంలా తోటి ఇన్‌స్ట్రక్టరుకు చెప్పాను. ప్రాణం పోయే చోట నిలబడిన మనిషికి చెప్పలేదు. ఆమెకు పాఠం చెప్పాను, ఆయనకు సాక్ష్యం చెప్పాను.

మీరు చేయవలసింది

ఆ ముక్కోణంలో ఆ తర్వాత ప్రమాదం ఏదీ జరగలేదు. కాబట్టి మేము కాపాడామని రుజువు కూడా ఏమీ లేదు. ఈ వృత్తిలో మీరు బాగా చేసిన పని ఎవరి కంటికీ కనిపించదు. జరగని దాన్ని ఎవరు చూస్తారు? తంగరాజ్‌కు మాత్రం ఇప్పటికీ మా వీధిలో టీ ఉచితం. నాకు ఇప్పటికీ మండుతుంది. ఆయన పసుపు గీత గురించి ఇప్పటికీ తప్పే చెబుతాడు, అది తప్పని నేను ఇప్పటికీ ఆయన ముఖం మీదే అంటాను. కానీ ఆయన దగ్గర ఉన్నదేదో నా దగ్గర లేదు. వాదించి దాన్ని తెచ్చుకోలేను.

ఈ పనిలోకి వస్తున్నవాళ్ళను నేను కోరేది ఒక్కటే. విరుదునగర్ నుంచి కోవిల్పట్టి దాకా బైపాస్ నుంచి ఊరి దారి చీలే చోట్ల ఇలాంటి ముక్కోణాలు ఉన్నాయి. వాటిలో కొన్నిట్లో ఎవరో ఒకరి అమ్మ టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడి ఉంటుంది. రేపు ఉదయం అక్కడికి వెళ్ళండి. బండి వెనకాల అడ్డం పెట్టి, లైట్లు వేసి, రోడ్డుకు ఎడంగా ఉండండి. నియమం చెప్పకండి. అరిగిన చోటు చూపించి, ఇది ఎవరు చెరిపారని అడగండి, జవాబు వాళ్ళు చెప్పేదాకా నోరు మూసుకోండి. మీ మాట వినకపోతే, ఎవరి మాట వింటారో వెతికి ఆ మనిషిని పంపండి. పేరు ఆయనకు పోతుంది. పోనివ్వండి. వాళ్ళు అక్కడి నుంచి కదిలేదాకా మాత్రం మీరు కదలకండి.